పంచని శుభలేఖలు

ఛత్తాబజార్‌లో పెళ్ళి కార్డులు వేసే షాపులు ఎన్నున్నాయో ఇంతవరకు లెక్కపెట్టినవాడు లేడు. ఆ వరసలో ఎక్కడో మధ్యన విశ్వేశ్వర్ షాపు. పక్క షాపు తాహిర్ భాయ్‌ది. ఉర్దూ కార్డులు ఆయన వేస్తాడు, తెలుగు కార్డులు ఈయన వేస్తాడు. ఒకరి గిరాకీ పొరపాటున రెండోవారి మెట్లెక్కితే వేలు చూపించి పక్కకు పంపడం ముప్పై ఏళ్ళ అలవాటు. విశ్వేశ్వర్‌కు ఒక్కతే కూతురు, కీర్తిప్రియ. డిగ్రీ అయిన మర్నాటి నుంచి షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని కార్డుల మాటర్ కంపోజ్ చేసేది ఆ పిల్లే. వధువు పేరు, వరుడి పేరు, తిథి, ముహూర్తం, విందు. ఆమె వేళ్ళ కింద ఎన్ని వేల జంటలు కలిశాయో ఆమెకే తెలియదు. చివరికి తన పేరూ తానే కంపోజ్ చేసుకుంది.

వరుడు నిఖిలేష్. ఫలక్‌నుమా దగ్గర ఓ చిన్న వర్క్‌షాపులో లేత్ మెషీన్ మీద పని. ఐటీఐ చదివాడు. పెద్దలు కుదిర్చిన సంబంధమే. శ్రావణంలో తాంబూలాలు మార్చుకున్నాక ఇద్దరినీ ఓ పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి అందరూ కావాలని అటు తిరిగారు. పిల్ల తలవంచుకుని కూర్చుంది. పిలగాడు గొంతు సవరించుకున్నాడు. జీవితంలో ఒక్కసారి వచ్చే ఆ ఘడియలో ఆ మహానుభావుడు అడిగిన మొదటి మాట ఇది.

"మీ షాపుల జిరాక్స్ తక్కువకు పడ్తదా?"

కీర్తిప్రియకు నవ్వాగలేదు. అటు తిరిగినవాళ్ళంతా ఇటు తిరిగారు. తర్వాత తెలిసిన సంగతేమిటంటే, వర్క్‌షాపు సేటు ఎక్కడో పాత సామాన్ల వేలంలో జపాను మెషీన్ ఒకటి కొన్నాడు. బంగారంలాంటి మెషీనే, కాని మీటల మీద రాతలన్నీ జపాను అక్షరాలు. తోడుగా ఆరు వందల పేజీల పుస్తకం, అదీ జపానే. మెషీన్ ఆగినప్పుడల్లా తెర మీద ఏదో రాసి చూపిస్తుంది. చదివే దిక్కులేక అందరూ చేతికందిన మీట నొక్కి, ఆ పైన దేవుడికి దండం పెట్టేవాళ్ళు. నిఖిలేష్‌కు అది నామోషీగా ఉండేది. చేసే పని తనకు తెలుసు, మెషీన్‌కూ తెలుసు, మధ్యలో ఈ మాట తెలియకపోవడమేమిటని అతని బాధ. సేటు పుస్తకాన్ని రెండు రోజులు బయటికిస్తానన్నాడు. అందుకే జిరాక్స్.

పుస్తకం షాపుకు వచ్చింది. కాగితం కలిసొస్తుందని ఒక్కో వైపు నాలుగేసి పేజీలు పట్టేట్టు తగ్గించి, కీర్తిప్రియే దగ్గరుండి తీయించింది. తీశాక ఆ గీతలను చూస్తూ కూర్చుంది. పగలంతా అక్షరాలతో బతికే మనిషికి చదవరాని అక్షరం కనిపిస్తే ఊరుకోలేదు. తనూ నేర్చుకుంటానంది.

పెళ్ళి మాఘంలో. అయిదు నెలలు చేతిలో ఉన్నాయి. కోచింగ్ ఎక్కడైనా ఉందేమోనని కనుక్కున్నారు. ఫీజు విన్నాక మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఊరికే దొరికేవి, చవగ్గా దొరికేవి వెతకడం మొదలుపెట్టారు. ఫోన్‌లో డబ్బు అడగని యాప్ ఒకటి దొరికింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిన ఏ జపాను కుటుంబం వదిలేసిందో, చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు మూడు కనిపించాయి. అందులో కష్టమైన అక్షరాలు లేవు. కుందేలు, కుండ, చంద్రుడు. ఆ మూడు పుస్తకాలకు ఇద్దరూ చేసిన బేరం చూసి అమ్మేవాడే జాలిపడ్డాడు. రాయడానికి రెండో తరగతి పిల్లల లెక్కల గళ్ళ నోటుబుక్కు. ఒక గడికి ఒక అక్షరం సరిగ్గా కుదురుతుంది, దానికోసం వేరే ఖరీదైన పుస్తకం అక్కర్లేదు.

నిఖిలేష్ అప్పటిదాకా ఇంగ్లీషు అక్షరాల్లో పలుకు రాసుకుని తికమకపడుతున్నాడు. కీర్తిప్రియ జపాను అక్షరాల పట్టిక చూసి ఇదేమిటి మన గుణింతమే కదా అంది. అ, ఇ, ఉ, ఎ, ఒ. క, కి, కు, కె, కొ. తెలుగులో రాసిపెడితే పలుకు ఉన్నదున్నట్టు నిలబడింది. నెలరోజుల్లో తీరే పని పదిహేను రోజుల్లో తీరింది. ఆ తర్వాత మెషీన్ మీది పెద్ద అక్షరాలు, ఒక్కో అక్షరమే ఒక్కో మాటగా ఉండేవి. రోజూ పొద్దున పనిలోకి దిగగానే అతడు ఓ అక్షరాన్ని చాక్‌పీస్‌తో ఇనుప రేకు మీద రాసి ఫొటో పంపేవాడు. ఆమె గళ్ళలో పదిసార్లు దిద్ది తిరిగి పంపేది. వేరే జంటలు ఏమేం పంపుకుంటాయో మనకెందుకు గాని, వీళ్ళు పంపుకున్నవి ఇవి: నూనె. ఆపు. తలుపు మూయి. వేడి. కీర్తిప్రియ ఆ మాటలనే మురిపెంగా దాచుకుంది. ప్రేమించింది ఆ మనిషిని, దాచి చెప్పడమెందుకు.

కార్డులు అయిదు వందలు వేశారు. కూతురి పెళ్ళని విశ్వేశ్వర్ మంచి అట్ట తెప్పించాడు. పైన సంవత్సరం పేరు, కింద పెద్ద అక్షరాల్లో మాఘ శుద్ధ దశమి, ఆ కింద ఇంగ్లీషు తేదీ సన్నటి బంగారు అక్షరాల్లో. కీర్తిప్రియ తల్లి కమల మంచిరోజు చూసి అన్నిటికీ ఒకేసారి నాలుగు మూలలా పసుపు పెట్టింది. ముందు దేవుడి దగ్గర ఒకటి పెట్టి, దగ్గరి చుట్టాలకు పంచడం మొదలుపెట్టారు. దేవుడిదాంతో కలిపి ఇరవై రెండు పోయాయి.

అప్పుడు నిఖిలేష్‌కు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. అది మెదడుకు ఎక్కిందని తెలిసేసరికి నాలుగు రోజులైంది. ఆరో రోజున పోయాడు. పెళ్ళికి పన్నెండు రోజులుంది.

పదో రోజు కర్మకు కీర్తిప్రియ వెళ్తానంది. పసుపు పెట్టిన పిల్లను చావింటికి పంపడమేమిటని కమల అడ్డుపడింది. ఆమె చెడ్డది కాదు, భయపడింది. విశ్వేశ్వర్ స్కూటర్ తీశాడు. అక్కడ నిఖిలేష్ తల్లి గోడకానుకుని కూర్చుంది. వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే పక్కన చేరి, చేయి పట్టుకుని, ఎట్ల పోయిండని అడుగుతున్నారు. ఆమె మొదటినుంచీ చెబుతోంది. చెప్పి ముగించేలోగా ఇంకొకరు వచ్చి అదే అడుగుతున్నారు, ఆమె మళ్ళీ మొదటినుంచీ చెబుతోంది. అందరికీ తెలిసిన కథే, అయినా అడగాలి. అడిగితేనే పరామర్శ. లేచి వెళ్ళేటప్పుడు ఎవరూ పోయొస్తామని అనరు. చావింటికి మళ్ళీ వస్తామని అనకూడదు గనక చెప్పకుండానే చెప్పులేసుకుని వెళ్ళిపోతారు.

కీర్తిప్రియ అరుగు మీద ఓ మూల కూర్చుంది. ఆమె చేయి ఎవరూ పట్టుకోలేదు. ఎట్ల పోయిండని ఎవరూ అడగలేదు. అడగడానికి ఆమె ఎవరు? భార్య కాదు, అక్కచెల్లెలు కాదు. ఆమెకు ఆ ఇంట్లో వరసే లేదు. పైగా మెట్లు దిగుతూ ఒకావిడ ఆమె భుజం తట్టి, "పోయొస్త బిడ్డా" అంది. ఆ తల్లితో అనకూడదని తెలిసిన మనిషి, ఈమెతో ఇట్టే అనేసింది. ఆ మాట కీర్తిప్రియకు ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

మిగిలిన కార్డులు నాలుగు వందల డెబ్బై ఎనిమిది. వాటిని నయాపూల్ మీంచి మూసీలో కలిపేయమని కమల పోరింది. ఇంట్లో ఆ పేరు వినబడకూడదంది. పిల్లకు ఇంకో సంబంధం చూడాలి, ఆ పిలగాడి పేరుతో ఉన్న కాగితం గడపలో ఉండకూడదంది. కీర్తిప్రియ డబ్బాలు ఆటోలో వేసుకుని షాపుకు తెచ్చుకుంది. అవి పోతే తమ రెండు పేర్లూ పక్కపక్కన ఉన్న చోటు లోకంలో ఇంకెక్కడా లేదు. ఆమెకు పట్టింది అదొక్కటే.

వారం తర్వాత ఓ కార్డు వెనక, తెల్లటి వైపు, మార్కర్‌తో ఓ అక్షరం రాసింది. మర్నాడు ఇంకొకటి. పలుకూ అర్థమూ ముందువైపు విందు అన్న మాట కింద పెన్సిల్‌తో సన్నగా. అట్ట గట్టిది, చేతిలో నలగదు. మధ్యకు కోస్తే రెట్టింపు అవుతాయని తాహిర్ భాయ్ కటింగ్ మెషీన్ దగ్గర్నుంచి సలహా ఇచ్చాడు. ఆమె వద్దంది. కోస్తే పేర్లు రెండు ముక్కలవుతాయి. ఆయనకు అర్థమై, పైన మధ్యలో ఒక్కో రంధ్రం మాత్రం కొట్టిపెట్టాడు. యాభై చొప్పున నూలుదారంతో గుచ్చింది. మొదటి రెండు కట్టలూ చిన్న అక్షరాలు, తక్కినవన్నీ పెద్దవి. బడిపుస్తకాల వరసలో కాదు, నిఖిలేష్ పంపిన వరసలో మొదలయ్యాయి.

ఆ కట్టలు ఒంటరిగా ఉండలేదు. ముందు వర్క్‌షాపు కుర్రాళ్ళు అడిగి తీసుకెళ్ళారు, మెషీన్ ఇంకా ఆగుతూనే ఉంది మరి. తర్వాత ఆ నోటా ఈ నోటా విని ఆడపిల్లలు రావడం మొదలుపెట్టారు. నర్సింగ్ చేసి జపానులో ముసలివాళ్ళకు సేవచేసే ఉద్యోగాలకు పరీక్ష రాసేవాళ్ళు. కీర్తిప్రియ డబ్బులేమీ తీసుకోదు, చెప్పేది ఇంతే. ఒక కట్ట వచ్చేదాకా దిద్దు, తెచ్చి ఇచ్చి ఇంకోటి పట్టుకుపో. ఇంగ్లీషులో రాసుకోకు, తెలుగులో రాసుకో. గళ్ళ నోటుబుక్కు చాలు. ఎంత దిద్దినా గుర్తుండని అక్షరం ఉంటే ఆ ఒక్క కార్డూ దారంలోంచి తీసి వంటింట్లో క్యాలెండర్ పక్కన పెట్టు, రోజూ కళ్ళబడితే అదే వస్తుంది. కట్ట తిరగేసి ముందువైపు చూసి, ఇవేంది అక్కా అని ఎవరైనా అడిగితే మాత్రం ఒకే జవాబు. వేస్ట్ కార్డులు. కార్డుల షాపులో తప్పుపడిన కార్డులకు కరువేముంది, అందరూ నమ్మేవారు. ఆ రెండు మాటలూ అన్న ప్రతిసారీ ఆమెకు నాలుక మీద చేదు తగిలేది. అయినా రెండేళ్ళు అలాగే అంది.

ఈ ఏడు మాఘ శుద్ధ దశమి జనవరి ఆఖర్లోనే వచ్చింది. కీర్తిప్రియ గుండెల్లో ఉన్నది కార్డు మీది ఇంగ్లీషు తేదీ, ఫిబ్రవరి పంతొమ్మిది. తిథి సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆ రోజు పొద్దున పదకొండు దాటింది. తండ్రి ముందే షాపుకు వెళ్ళిపోయాడు, గౌలిపురాలోని ఇంట్లో ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటోంది. వాకిట్లో ఆటో ఆగింది. డెబ్బై ఏళ్ళావిడ, జరీ అంచు పట్టుచీర, చంకలో రంగుకాగితం చుట్టిన స్టీలు బిందె. చెమటలు కారుతున్నాయి.

"పెండ్లి ఈడనేనా బిడ్డా? ఫంక్షన్ హాల్‌కు పోయిన, తాళమేసి ఉన్నది. ఆడికెల్లి ఈ అడ్రస్ అడుక్కుంట వచ్చిన."

ఆవిడ విమలాదేవి, కార్వాన్ నుంచి వచ్చింది. కట్టలు తీసుకెళ్ళే పిల్లల్లో స్రవ్య అని ఒకతె ఉంది, ఆ పిల్లకు నాయనమ్మ. వంటిల్లు దులుపుతుంటే క్యాలెండర్ పక్కన ఈ కార్డు దొరికిందట. క్యాలెండర్ దగ్గర పెట్టారంటే మరిచిపోకూడని పెళ్ళే అనుకుంది. ఎవరింట్లోనైనా అంతే కదా, పెళ్ళి పత్రిక పెట్టే చోటు అదే. మూలల్లో పసుపు ఇంకా ఉంది. వెనక గీతలు చూసి ఏ పూజా యంత్రమో, శుభమో అనుకుంది. సన్నటి బంగారు తేదీ ఆమె కళ్ళకు ఆనలేదు. సంవత్సరం పేరు ఉండాల్సిన చోట తాహిర్ భాయ్ కొట్టిన రంధ్రం ఉంది. తిథి మాత్రం పెద్దగా కనిపించింది. ఆవిడ బతుకంతా తిథుల లెక్కనే నడిచింది. స్రవ్యకు పొద్దున డ్యూటీ. పసుపు పెట్టిన పత్రిక ఇంటికొచ్చాక ఇంటి నుంచి ఒక్కరైనా పోకపోతే తప్పని తానే బయలుదేరింది.

కమల వంటింటి గుమ్మంలోంచి అంతా వింది. కీర్తిప్రియకు అలవాటైన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. వేస్ట్ కార్డు, పొరపాటున వచ్చింది, మన్నించండి అనేస్తే ఆ ముసలావిడ తిట్టుకుంటూనో నవ్వుకుంటూనో వెళ్ళిపోతుంది. కాని ఆవిడ అప్పటికే బిందె మీది కాగితం విప్పి చూపిస్తోంది. బజార్లో పేర్లు చెక్కించుకొచ్చింది. చి.ల.సౌ. కీర్తిప్రియ, చి. నిఖిలేష్. పక్కపక్కన, స్టీలు మీద, చెరగకుండా. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, ఆ ఇద్దరూ ఉన్నారని నమ్మి, చెక్కించింది.

"అది నా కార్డే నాయనమ్మా" అంది కీర్తిప్రియ. "ఈ తిథికే మా పెండ్లి. రెండేండ్లయింది. ఆయన లేడు."

విమలాదేవి కాసేపు ఆ పిల్ల మొహంలోకే చూసింది. కొంగుకు ముడివేసుకొచ్చిన అక్షింతల మీద చేయి వేసి, ముడి విప్పకుండానే వదిలేసింది. బిందెను మెల్లగా గోడవారన దించింది. ఆ పట్టుచీరతోనే కింద కూర్చుని, కీర్తిప్రియను చేయి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ చేయి వదలకుండానే అడిగింది.

"ఎట్ల పోయిండు బిడ్డా?"

రెండేళ్ళలో ఆ మాట కీర్తిప్రియను ఎవరూ అడగలేదు. ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ తొందరపెట్టలేదు. ఈ పని ఆవిడకు తెలుసు, ఎందరి చేతులో పట్టుకుని ఉంటుంది. తర్వాత కీర్తిప్రియ మొదటినుంచీ చెప్పింది. జిరాక్స్ సంగతి నుంచి. ఫుట్‌పాత్ మీద మూడు పుస్తకాలు, ఇనుప రేకు మీద చాక్‌పీస్ అక్షరాలు, జ్వరం మొదటి రోజు, రెండో రోజు, ఆసుపత్రి గేటు బయట తండ్రితో కలిసి నిలబడి వెనక్కి రావడం, లోపలికి ఇంటివాళ్ళనే పంపుతామంటే తాను ఎవరని చెప్పుకోవాలో తెలియకపోవడం. అన్నీ చెప్పింది.

"జ్వరంల గూడ అక్షరం పంపిండు నాయనమ్మా. మూడో రోజు. మంచంల పండుకోని కాగితం మీద రాసిండు. ఒక గీత తక్కువుండె. రేపు చెప్దామనుకున్న, మంచిగయినంక."

వంటింటి గుమ్మం దగ్గర కమల కూలబడి వింటోంది. కూతురు ఆసుపత్రి దాకా వెళ్ళిందని ఆమెకు ఈ రోజే తెలిసింది. ఆ మూడో రోజు అక్షరం సంగతీ ఈ రోజే తెలిసింది. తను వినలేదు గాని, చెప్పడానికి కూతురు ఎప్పుడూ సిద్ధంగానే ఉండి ఉంటుందని కూడా ఇప్పుడే తెలిసింది. లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇంత దూరం వచ్చారు, ఒక ముద్ద తిని పొమ్మంది. విమలాదేవి తల అడ్డంగా ఊపింది.

"ఇయ్యాల ఈ ఇంట్ల నీళ్ళు గూడ ముట్టొద్దమ్మా" అంది.

తెచ్చిన కార్డును గోడవారనున్న బిందెలో వేసింది. మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. కీర్తిప్రియ కూడా లేచి వాకిటిదాకా వెళ్ళింది. ముసలావిడ గోడ పట్టుకుని చెప్పులు వేసుకుంది. అలవాటు కొద్దీ కమల నోటిదాకా మళ్ళీ రండి అన్న మాట వచ్చింది. వచ్చిన మాటను కొంగుతో అదిమేసుకుంది. విమలాదేవి ఏమీ అనలేదు. పోయొస్తానని అనలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. పట్టుచీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, చెప్పకుండా, గల్లీ చివరిదాకా నడిచి మలుపు తిరిగింది.

కీర్తిప్రియ ఆ మలుపు వైపు చూస్తూ గడపలోనే కూలబడింది. కమల వచ్చి పక్కన కూర్చుని, ఆ పిల్ల తలను తన ఒళ్ళోకి తీసుకుంది. నిఖిలేష్ అని పేరుపెట్టి ఏడ్చింది కమల. ఆ ఇంట్లో ఆ పేరు రెండేళ్ళ తర్వాత వినబడింది.

షాపులో విశ్వేశ్వర్‌కు ఫోన్ వచ్చింది. భార్య ఏం చెప్పిందో అంతా విని, సరేనని పెట్టేశాడు. కాసేపు కంప్యూటర్ ముందున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. మెషీన్లు ఆపాడు, లైట్లు తీశాడు, బయటికొచ్చి పట్టపగలు షట్టర్ దించాడు. కార్డులు తీసుకుపోవడానికి వచ్చిన గిరాకీ ఒకాయన మెట్ల మీద ఆగిపోయి, ఎవరన్న పోయిండ్రా సేటూ అని మెల్లగా అడిగాడు.

"మా అల్లుడు" అన్నాడు విశ్వేశ్వర్.